నిలబడే భంగిమ

ఆ రోజు పొద్దున్న గొడవ చక్కెర డబ్బా మూత దగ్గర మొదలైంది.

మూత డబ్బా మీద ఊరికే ఆనించి ఉంది. ఎత్తి చూస్తే లోపల చీమలు. వారంలో ఇది మూడోసారి. ఇంట్లో ఉండేది నలుగురం. మా వదినగారు, అంటే మా ఆయన అక్కయ్య, చక్కెర మానేసి ఆరేళ్ళయింది. అమ్మాయి టీ తాగదు. నేను బిగించిన మూత మళ్ళీ తీయడానికి నాకే కష్టం. ఇక మిగిలింది ఒక్కరే.

"మూత తిప్పడానికి కూడా తీరిక లేకపోతే ఎలాగండీ?" అన్నాను.

"తిప్పాను," అన్నారాయన పేపర్లోంచి తలెత్తకుండా. పేపరు బల్ల మీద పరుచుకుని చదువుతున్నారు.

"తిప్పితే చీమలు తాళంచెవి పెట్టి తీసుకున్నాయా?"

"ఆ డబ్బాకి మర అరిగిపోయింది. దాన్నడుగు."

నేను మూత బిగించి, మళ్ళీ తీసి, మళ్ళీ బిగించి ఆయన ముందు పెట్టాను. "ఎక్కడ అరిగిందో చూపించండి."

ఆయన డబ్బా వంక చూశారు. చెయ్యి చాపలేదు. "పొద్దున్నే నీతో పంతాలు పట్టే ఓపిక లేదు," అని లేచి స్నానానికి వెళ్ళిపోయారు.

"ఒక్క మూత కోసం ఇంత రాద్ధాంతమా అమ్మా? కొత్త డబ్బా తెచ్చుకుంటే పోలా?" అంది అమ్మాయి చెప్పులు వేసుకుంటూ.

"డబ్బాని మారిస్తే ఏం లాభమే, మనిషిని మార్చాలి. దానికి ఇప్పుడు బాగా ఆలస్యమైపోయింది," అన్నారు వదిన.

చక్కెర పళ్ళెంలో పోసి ఎండలో పెట్టాను. మర అరగలేదని నాకు తెలుసు. గెలిచానని మాత్రం అనుకున్నాను. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

మా ఆయన ముప్పై ఏళ్ళు నాటకాల వాళ్ళకి కత్తియుద్ధాలు నేర్పారు. వీధిలో అందరికీ ఆయన కత్తి మాస్టారు. ఒక్క వంకాయ తరిగిపెట్టమంటే మాత్రం వేలు తెగుతుందనేవారు. నాటకాల వాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. చివరిగా మిగిలిన హాలు కుర్చీలూ సోఫాలూ దాచుకునే గోడౌను అయింది. చెక్క కత్తులు మంచం కిందికి చేరాయి. తరవాత రెండేళ్ళు ఆయన ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నారంటే నిజంగా కూర్చోవడమే. కిటికీ దగ్గర కుర్చీలో, వీధిలో ఎవరు ఎలా నడుస్తున్నారో చూస్తూ. "ఆ పాలవాడికి ఎడమ మోకాలు పోయింది," అనేవారు. వారం తరవాత పాలవాడి బదులు వాడి తమ్ముడు వచ్చేవాడు. అన్నీ కనిపెట్టే మనిషి చెయ్యడానికి పనిలేక అలా కూర్చోవడం చూస్తూ వంట చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మళ్ళీ పని దొరికింది మా అమ్మాయి వల్ల. అది పనిచేసే కంపెనీలో వీఆర్ గేములు చేస్తారు. హెడ్‌సెట్ కళ్ళకు కట్టుకుంటే మన గది మాయమై కోటలూ అడవులూ వస్తాయి. అందులో మన మీదికి కత్తులతో మనుషులు వస్తారు. ఆ మనుషుల చేత సరిగ్గా పోట్లాడించడం మా అమ్మాయి పని.

"ఆడేవాడి చేతిలో ఉండేది గాలేనమ్మా," అని నాకు అది చెప్పింది ఒకసారి. "కొడితే తగలడానికి ఎదురుగా ఏమీ ఉండదు. తగిలిందని నమ్మించాల్సింది ఎదుటివాడు. వాడు సరిగ్గా తగ్గాలి, సరిగ్గా తూలాలి. లేకపోతే దిష్టిబొమ్మని కొట్టినట్టుంటుంది."

ఒక ఆదివారం అది ఇంట్లో ఆ గేము పెట్టి చూపిస్తే, వాళ్ళ నాన్న రెండు నిమిషాలు చూసి పెదవి విరిచారు. "వీడు దెబ్బ తగలగానే అరుస్తున్నాడు. తగిలితే ముందు కదిలేది పాదం, తరవాత భుజం. అరుపు ఆఖరున. మీవాడికి నోరు తప్ప పాదాలు లేవు."

ఆ మర్నాడే అది ఆయన్ని ఆఫీసుకి తీసుకెళ్ళింది. ఒళ్ళంతా అంటుకునే నల్ల దుస్తులు వేసి, మణికట్లకీ మోచేతులకీ మోకాళ్ళకీ సెన్సర్లున్న పట్టీలు కట్టారు. ఆయన ఎలా కదిలితే కంప్యూటర్లో బొమ్మ అలా కదులుతుంది. కోట ద్వారం దగ్గర ఒక ముసలి కాపలావాడు ఉంటాడట. వాణ్ణి దాటితేనే ఆట ముందుకు పోతుంది. ఆ కాపలావాడు మా ఆయనే. మొహం వేరే, మీసాలు వేరే, ఒళ్ళు మాత్రం ఈయనది. కత్తి దించినవాడి మీద కాపలావాడు చెయ్యెత్తకూడదని ఈయన పట్టుబట్టి ఒక నియమం కూడా పెట్టించారు.

రోజంతా దెబ్బలు తిని పడిపోవడమే పని కాబట్టి, సాయంత్రం గుమ్మంలోనే వదిన అడిగేవారు, "ఏరా, ఇవాళ ఎన్నిసార్లు పోయావు?"

"నలభై రెండు. భోజనానికి ముందే ముప్పై."

"అమ్మాయ్, వీడికి ఇంకాస్త వడ్డించు. చచ్చొచ్చినవాడికి ఆకలెక్కువ."

నాకు ఆ హాస్యం నచ్చేది కాదు. కానీ ఆయన నవ్వేవారు. అందుకని ఊరుకునేదాన్ని.

మూత గొడవ జరిగిన ఆ శనివారమే, మధ్యాహ్నం అమ్మాయి తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుని విసుక్కుంటోంది.

"ఈ కుడిచేతి పట్టీ నా ప్రాణాలు తోడేస్తోందమ్మా."

ఆరిన బట్టలు మంచం మీద వేసి దాని వెనక నిలబడ్డాను. తెర మీద చుక్కలతో చేసిన మనిషి. కండ లేదు, మొహం లేదు. అయినా ఆ చుక్కలు ఎడమ కాలి మీద బరువు వేసి, గడ్డం కాస్త పైకెత్తి నిలబడ్డ తీరు చూస్తే బస్టాండులో ఇరవై మందిలో ఉన్నా నేను గుర్తుపడతాను.

"కొట్టేటప్పుడు బాగానే ఉంటుంది. ఊరికే నిలబడ్డప్పుడే ఇలా అల్లాడుతుంది," అంది అది, మణికట్టు దగ్గర చుక్కని చూపించి. "చెయ్యి వేలాడేస్తే పట్టీ వదులవుతోందనుకుంటా. మూడు మార్చాం. ఏ పట్టీకైనా ఇదే రోగం. రోజూ గంటసేపు కూర్చుని ఇస్త్రీ చేస్తున్నాను." ఏదో నొక్కింది. ఆ చుక్క కదలికని చూపిస్తూ తెర అడుగున ముడతలు ముడతలుగా ఉన్న గీత నున్నగా అయింది. చుక్కల చెయ్యి నిశ్చలంగా వేలాడింది. "చూడు, శుభ్రం."

"మళ్ళీ ముందులా చెయ్యి," అన్నాను.

గీత మళ్ళీ ముడతలు పడింది. కాలేజీలో నేను చదివింది భౌతికశాస్త్రం. పెళ్ళయ్యాక అది ఫ్యూజులు వేయడానికి తప్ప అక్కరకు రాలేదు. కానీ గీతని చదవడం మరిచిపోలేదు. వదులైన వస్తువు ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటుంది. ఇది అలా లేదు. సెకనుకి అయిదు ముడతల చొప్పున, ఒక్కటీ ఎక్కువ తక్కువ కాకుండా. వేళ్ళ దగ్గర చుక్కలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో గింజని నలుపుతున్నట్టు కదులుతున్నాయి.

వదిన తన చీర వెతుక్కుంటూ లోపలికి వచ్చి తెర వంక చూశారు. "ఎవరే ఈ చుక్కల మనిషి? అచ్చం మా నాన్నలా ఉన్నాడు. ఆఖరి రోజుల్లో మా నాన్న చెయ్యీ ఇంతే. ఎవరైనా వస్తే తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు." చీర దొరికింది. తీసుకుని వెళ్ళిపోయారు.

నేనూ అమ్మాయీ ఒకరినొకరం చూసుకోలేదు.

"ఆ పట్టీ ఇంట్లో ఉందా?" అన్నాను.

"బ్యాగులో ఉంది."

"నాకు కట్టు."

కట్టింది. చెయ్యి వేలాడేసి నిలబడ్డాను. గీత సాగదీసిన దారంలా నిటారుగా వచ్చింది. అది పట్టీని వదులు చేసింది. నిటారుగానే ఉంది. ఇంకా వదులు చేసింది. నన్ను అటూ ఇటూ నడిపించి మళ్ళీ నిలబెట్టింది. ఏమీ తేడా లేదు. పట్టీ బాగానే ఉంది.

అమ్మాయి కూర్చుని పాత రికార్డింగులు ఒక్కొక్కటీ తెరవడం మొదలుపెట్టింది. మొదటి నెలంతా నున్నటి గీతలు. రెండో నెల పదిహేనో తారీఖు నున్నగా. పదహారో తారీఖు పొద్దున్న నున్నగా. ఆ రోజు భోజనం తరవాత మూడోసారి తీసినప్పుడు, నిలబడ్డ పదకొండో సెకనులో, చిన్న ముడత.

ఇలాంటిది ఎప్పుడు మొదలైందో ఏ ఇంట్లోనైనా ఎవరికి తెలుస్తుంది? మాకు సెకనుతో సహా తెలిసింది. తెలిసి చేసేదేమీ లేదు. ఆ రోజు ఆయన భోజనం డబ్బాలో ఏం కూర పెట్టి పంపానా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. అదొక్కటే నాకు అందే విషయం.

"నాలుగు నెలలు," అంది అమ్మాయి. "రోజూ గంట కూర్చుని నేనే తుడిచేశానమ్మా. చేత్తో తుడిచేశాను."

దాని తల నిమిరాను. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పేపరు చేత్తో పట్టుకోకుండా బల్ల మీద పరవడం. చొక్కా పైబొత్తాం వదిలేయడం, ఉక్కపోస్తోందనడం. కూర్చున్నప్పుడల్లా ఎడమచెయ్యి తీసి కుడిచేతి మీద వేసుకోవడం. పెద్దరికం వచ్చిందనుకున్నాను నేను. చక్కెర డబ్బా సంగతి సరేసరి.

ఆయనకి ఎవరు చెప్పాలన్నది మా ఇద్దరికీ తేలలేదు.

"నువ్వు చెప్పమ్మా. నీ మాట వింటారు."

"నా మాట విన్న రోజు ఒకటి చెప్పు, రాసుకుంటాను. నువ్వు చెప్పు, నీ పని కదా."

"నేను చెప్తే పట్టీ చెప్పినట్టుంటుంది."

మూడు వారాల్లో రికార్డింగు అయిపోతుంది, అప్పుడు చెబుదామనుకున్నాం. కాదు, ముందు డాక్టరుకి చూపించాలి, వచ్చే ఆదివారమే చెబుదామనుకున్నాం. ఆయన మాత్రం పొద్దున్నే ఈల వేసుకుంటూ తయారై వెళ్ళేవారు. పని ఆపిస్తే మళ్ళీ ఆ కిటికీ, ఆ కుర్చీ. చెప్పకపోతే రోజుకొక రోజు పోతుంది. నేను అన్నం వండాను, బట్టలు ఉతికాను. చక్కెర డబ్బా మూత పొద్దునా సాయంత్రం నేనే వెళ్ళి బిగించాను. చీమలు రాలేదు. అంతవరకే నా చేతిలో ఉంది.

అమ్మాయి ఒక్కపని చేసింది. చేసింది అనేకంటే చెయ్యలేకపోయింది అనాలి. ఆ సోమవారం నుంచి గీతల్ని ఇస్త్రీ చేయడం దానికి చేత కాలేదు. ఉన్నది ఉన్నట్టే గేములోకి పంపేసింది.

ఆదివారం ఆయన క్షవరానికి వెళ్ళినప్పుడు, "నాకు ఆ హెడ్‌సెట్ పెట్టు," అన్నాను.

"నువ్వా? ఎందుకమ్మా?"

"మీ నాన్న చేతిని సరిగ్గా చూడాలి. ఇంట్లో చూడనివ్వరు."

అది కుర్చీలు గోడకి జరిపి, నా కళ్ళజోడు తీయించి, తలకి బిగించింది. చేతిలో పిడి లాంటిది పెట్టింది. గది పోయింది. రాతిగోడ, పెద్ద తలుపు. తలుపు ముందు ఇనుప టోపీ, తెల్లమీసాలతో ఒక ముసలాయన. ఎడమకాలి మీద బరువు వేసి నిలబడ్డాడు.

నేను చెయ్యి చూద్దామని దగ్గరికి నడిచాను. ఆయన కత్తి ఎత్తారు. చెయ్యి రాయిలా ఉంది, వణుకే లేదు. ఇంకో అడుగు వేశాను. ఒక అడుగు వెనక్కి తగ్గారు.

"అలా దగ్గరికి రానివ్వరమ్మా," అంది అమ్మాయి గొంతు ఎక్కడినుంచో. "ఎప్పుడూ కత్తివాటు దూరంలో ఉంటారు. నాన్నే పెట్టించారు. లేకపోతే కత్తి ఒంట్లోంచి గాల్లోంచి పోయినట్టు పోతుంది, నమ్మకం పోతుంది."

"నేను పోట్లాడను. చూస్తానంతే."

"అయితే నీ కత్తి కింద పడెయ్యి."

పిడి మీద వేళ్ళు వదిలేశాను. నా కత్తి రాళ్ళ మీద పడిన చప్పుడైంది. ఆయన నన్ను ఒకసారి చూసి, తన కత్తి ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి పక్కన వేలాడేసి నిలబడ్డారు. ఎదుటివాడు మళ్ళీ కత్తి తీసేదాకా అలా కాచుకుని ఉంటారట.

చెయ్యి మొదలైంది. మొదట బొటనవేలు, తరవాత మణికట్టు. ఇంట్లో నాలుగు నెలలుగా నాకు కనపడకుండా దాచిన చెయ్యి, ఇక్కడ ఏ దాపరికమూ లేకుండా, నా ఎదురుగా, గింజ నలుపుతూ వణుకుతోంది. ఎంతసేపు చూసినా ఆయన దాచుకోలేదు.

పట్టుకుందామని చెయ్యి చాపాను. ఆయన అడుగు వెనక్కి వేశారు. నేను ముందుకి. ఆయన వెనక్కి. నా మోకాలు నిజం మంచానికి కొట్టుకుని, అమ్మాయి పట్టుకుని ఆపేదాకా అలా నడుస్తూనే ఉన్నాను.

బుధవారం తండ్రీకూతుళ్ళు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశారు. ఆయన చెప్పులు విడిచి నేరుగా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అమ్మాయి వంటింట్లోకి వచ్చి గ్లాసుడు నీళ్ళు తాగి చెప్పింది.

కంపెనీలో పై అధికారి ఒకాయన ఉన్నాడు. పొడుగాయన అంటారు అందరూ. ఆ వారం పాతికమంది చేత గేము ఆడించి చూశాడట. పాతికమందీ కాపలావాడి దగ్గర ఆగిపోయారట. కొందరు జాలిపడి కత్తి దించారు. కొందరు నవ్వి రెండు దెబ్బలు ఎక్కువ వేశారు. ఏం చేసినా, ముసలాడు భయపడుతున్నాడని అందరూ నమ్మారు. పొడుగాయన సంబరపడిపోయి వాళ్ళ నాన్న భుజం తట్టాడట. "మాస్టారూ, ఆ భయం ఎక్కడ నేర్చుకున్నారు? ఎంత పెద్ద నటుడైనా అంత సహజంగా భయపడలేడు," అన్నాడట.

"నాన్న 'ఏ భయం' అన్నారమ్మా. పొడుగాయన చూపించాడు. చెయ్యి ఒక్కటే దగ్గరగా, పెద్దది చేసి, మళ్ళీ మళ్ళీ. నాన్న చివరిదాకా చూసి, ఇంటికెళ్దాం పద అన్నారు."

"వద్దని చెప్పలేకపోయావా వాళ్ళకి?"

"ఏమని చెప్పను? అది భయం కాదు, జబ్బు అనా? అందరి ముందూనా?" గ్లాసు కడిగి బోర్లించింది. "రికార్డు చేసిందంతా కంపెనీదని నాన్న చేత సంతకం పెట్టించింది కూడా నేనే."

రాత్రి భోజనానికి నలుగురం కూర్చున్నాం. వదినకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ అలవాటు ప్రకారం, "ఏరా, ఇవాళ ఎన్నిసార్లు పోయావు?" అన్నారు.

"ఇవాళ చావలేదక్కా. చూశానంతే."

ఆయన కుడిచెయ్యి తీసి బల్ల మీద, కంచం పక్కన పెట్టారు. ఎడమచెయ్యి దాని మీద వేయలేదు. చెయ్యి వణుకుతోంది. గ్లాసులో నీళ్ళు కూడా సన్నగా వణుకుతున్నాయి. వదిన ఆ చేతిని చూసి, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళకుండానే కంచంలో దించేశారు.

"మీ ఇద్దరికీ ఎప్పట్నించి తెలుసు?" అని ఆయన నన్నడిగారు.

"పన్నెండు రోజులు. మీకు?"

"నాలుగు నెలలు. మా నాన్నది చూశాను కదా. గుర్తుపట్టడానికి డాక్టరెందుకు?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు మూత గురించి అడిగావు. మూత గురించే చెప్పాను."

కూర గిన్నె ఆయన వైపు జరిపాను. ఆయన వడ్డించుకోలేదు.

"కత్తి పట్టుకుంటే ఆగుతుంది," అన్నారు అమ్మాయితో. "చెయ్యి కదులుతున్నంతసేపూ రాదు. ఊరికే ఉంటేనే వస్తుంది. అందుకే ఆఫీసుకి పరిగెత్తుకుని వచ్చేవాణ్ణి. ఆ కాపలావాడు నిలబడితే ఇలా ఉంటుందని నాకు తెలీదు. నువ్వు చూపించేవన్నీ నున్నగా ఉండేవి."

"నేనే సరిచేసేదాన్ని నాన్నా. మళ్ళీ అలాగే చేసి ఇస్తాను."

"ఇప్పుడు వాళ్ళు తీసుకుంటారా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "పొడుగాయనకి ఈ వణుకే కావాలి. తీసెయ్యమంటే తీయరు. దీనికంటే బాగుంటే మార్చుకుంటారేమో."

"పోనీలెండి," అన్నాను నేను. "గేమే కదా. ఎవరో ఏదో అనుకుంటారు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ముప్పై ఏళ్ళు కత్తి పట్టినవాణ్ణి. ఊళ్ళో లేనివాళ్ళు, మొహం తెలియనివాళ్ళు, వేలమంది వచ్చి వాడి ముందు నిలబడి, వీడు భయపడుతున్నాడనుకుంటారు. వాడు భయపడట్లేదు." గొంతు పెంచలేదాయన. "జాలిపడి కత్తి దించుతారు. దాన్ని పోరాటం అనరు."

వదిన కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ చెయ్యి కంచం అంచుకి తగిలి టకటకమని చిన్న చప్పుడు చేస్తోంది. కంచం కాస్త పక్కకి జరుపుదామని చెయ్యి చాపి, ఆయన చూస్తారని వెనక్కి తీసుకున్నాను.

"రేపు ఒక్కరోజు వెళ్తాను," అన్నారాయన. "నిలబడేదంతా మళ్ళీ చేస్తాను. ఈసారి వాడు కాచుకుని ఉండేటప్పుడు కూడా కత్తి తిప్పుతూనే ఉంటాడు. ఆ చేతినుంచి ఈ చేతికి, ఈ చేతినుంచి ఆ చేతికి. క్షణం ఆగడు. ఎదుటివాడు గంటసేపు నిలబడినా సరే."

"గంటలకొద్దీ తీయాలి నాన్నా. మధ్యలో అలిసిపోతే, చెయ్యి ఒక్కసారి ఆగినా..."

"ఆగితే మళ్ళీ మొదట్నించి తీద్దాం. వాళ్ళకి ఆ భయం నచ్చింది కదా, దానికంటే ఇది బాగుండాలి. ఎల్లుండి నుంచి నేను రాను." నా వైపు తిరిగారు. "ఎల్లుండి డాక్టరు దగ్గరికి నువ్వు తీసుకెళ్ళు."